ఏడో పీపా

ఆరో పీపాలోంచి తీసిన వైన్ గ్లాసులో రెండు వేళ్ల ఎత్తున ఉంది. అది తొణకకుండా చూసుకుంటూ ఒదీల్ నేలమాళిగ మెట్లెక్కుతోంది. పొద్దున్నుంచి ఆరోసారి. కుడి భుజం లాగుతోందని గ్లాసు ఎడమచేతికి మార్చుకుంది. పట్టుకునే ఇనప కమ్మీ ఎడమవైపే ఉందని గుర్తొచ్చి మళ్లీ కుడిచేతికి మార్చుకుంది. పంతొమ్మిది మెట్లు. పదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటే పైనుంచి గొంతు వినిపించింది.

"ఏం, దారిలో నిద్రపోయావా? వేడెక్కిపోతుంది అవతల!"

"ఎగిరి రాలేను కదా నాన్నా. వస్తున్నా."

వంటింట్లో పొయ్యి పక్కన, కిటికీకి వీపు పెట్టి, అన్సెల్మ్ కూర్చుని ఉన్నాడు. ఎనభై మూడేళ్లు. మోకాళ్లు పోయి పదకొండేళ్లయింది గానీ ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. వీధి చివర ఎవరింట్లో ఉల్లిపాయ మాడినా ఇక్కడ కూర్చుని చెప్పేస్తాడు. ఆయన గ్లాసు అందుకుని వాసన చూశాడు, తిప్పాడు, మళ్లీ చూశాడు. నోట్లో పోసుకుని, బుగ్గలు రెండూ కదిలించి, పక్కనున్న రేకు బకెట్‌లోకి ఉమ్మాడు.

"ఇంటికి," అన్నాడు.

ఫిబ్రవరి చివర్లో ఈ రోజు ఆ ఇంట్లో రెండే మాటలు నడుస్తాయి. ఒకటి ఇంటికి, రెండోది లారీకి. పదిహేను పీపాలూ ఒకే వాలులో పండిన షార్డొనే ద్రాక్షవే, సెప్టెంబర్లో ఒకే వారంలో పిండినవే. అయినా చలికాలం గడిచేసరికి దేని తీరు దానిదే అయిపోతుంది. "ఇంటికి" అన్న పీపా ఇక్కడే ఉంటుంది. ఇంకో ఏడాది పడుకుని, తర్వాత సీసాల్లోకెక్కి, ఇంటిపేరుతో బయటికెళుతుంది. "లారీకి" అన్నది గురువారం టోకు వ్యాపారి ట్యాంకులోకి పోతుంది. ముప్పై ఊళ్ల వైన్‌తో కలిసిపోయి, ఎక్కడిదో ఎవరిదో తెలియకుండా పోతుంది.

రుచి చూడడానికి అన్సెల్మ్ పద్ధతి ఆయనకుంది. పదకొండింటికి మొదలు, అదీ ఖాళీ కడుపుతో. మధ్యలో ఎండిన రొట్టె ముక్క తప్ప ఏమీ ముట్టడు. ఒక్కో పీపాలోంచి ఒక్కో గ్లాసు, పీపా చలి పోకముందే ఆయన చేతికి రావాలి. మూడేళ్ల కిందట ఒదీల్ ఆరు గ్లాసులు ఒకే పళ్లెంలో పెట్టి తెస్తే, "సంతలో చెప్పుల్లా వరసగా పెట్టావేమిటి? తీసుకుపో," అన్నాడు. అప్పట్నుంచి పదిహేను సార్లు దిగడం, పదిహేను సార్లు ఎక్కడం. గ్లాసులో మిగిలింది పారబోయకూడదు. కిందికి తీసుకెళ్లి ఏ పీపాది ఆ పీపాలోనే పోయాలి.

ఒదీల్ చిన్నప్పుడు ఆ మెట్లు దిగడానికి వీల్లేదు. ఆడవాళ్లు ఆ మూడు నాలుగు రోజుల్లో నేలమాళిగలోకి అడుగు పెడితే వైన్ విరిగిపోతుందని వాళ్ల నాయనమ్మ గట్టి నమ్మకం. ఎవరికి ఏ రోజులో లెక్క పెట్టడం కష్టమని నెలంతా దిగొద్దనేది. మగవాళ్లు కింద రుచి చూసేవాళ్లు. ఆడవాళ్లు పైన వంట చేస్తూ, కిందనుంచి వచ్చే చల్లటి వాసన పీల్చేవాళ్లు. ఆ తలుపు దగ్గర కూర్చునే ఒదీల్ వైన్ వాసన నేర్చుకుంది. తర్వాత నాన్న మోకాళ్లు పోయాయి, పాత పనివాడు పని మానేశాడు, దిగడానికి మనిషి లేకుండా పోయాడు. బడి వంటశాలలో చేస్తున్న ఉద్యోగం వదిలేసి ఒదీల్ దిగింది. నాయనమ్మ పెట్టిన నియమాన్ని ఎవరూ ఎత్తేయలేదు, అందరూ మరిచిపోయినట్టు ఊరుకున్నారు. వైన్ విరగలేదు. "చూద్దాంలే ఇంకా," అని అన్సెల్మ్ రెండేళ్లు అన్నాడు, తర్వాత అనడం మానేశాడు.

"ఏడోది తే," అన్నాడిప్పుడు.

ఒదీల్ కాళ్లు వెంటనే కదల్లేదు.

ఏడో పీపా అన్నిటికన్నా చివర, పైకప్పు కమాను కిందికి వాలే చోట ఉంటుంది. దాని దగ్గరికి నడుం వంచుకుని వెళ్లాలి. చలికాలమంతా ప్రతి శుక్రవారం పీపాల్లో కర్ర పెట్టి అడుగున పేరుకున్న మడ్డిని పైకి కలపాలి. అలా కలిపితేనే వైన్‌కి నెయ్యిలాంటి నున్నదనం, కాల్చిన రొట్టె వాసన వస్తాయి. అన్సెల్మ్ వైన్ అంటే బోన్ పట్నందాకా జనం చెప్పుకునేది ఆ నున్నదనం గురించే. కలిపిన ప్రతిసారీ పీపా వెనక గోడ మీద సుద్దతో ఒక గీత గీయాలి. ఏడో పీపాలో కర్ర పెట్టాలంటే ఒక పక్కకి ఒరిగి, భారమంతా కుడి భుజం మీద వేయాలి. నవంబర్లో ఆ భుజం పట్టేసింది. ఒక శుక్రవారం వచ్చేవారం చూద్దాంలే అని వదిలేసి, గీత మాత్రం గీసింది. మరుసటి శుక్రవారమూ అంతే అయింది. పైకి రాగానే నాన్న అడిగేది ఒకటే ప్రశ్న.

"గీతలు గీశావా?"

"గీశాను."

అలా పద్నాలుగు గీతలు పడ్డాయి. ఆ పీపాలోకి కర్ర ఒక్కసారి కూడా దిగలేదు.

ఏడో గ్లాసు పైకి తెచ్చేసరికి ఆమెకి చెమట పట్టింది. అన్సెల్మ్ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుని వెంటనే దూరం పెట్టాడు.

"ఏమిటిది? అగ్గిపెట్టె మొత్తం గీసిపారేసినట్టుంది. అడుగున కుళ్లిన గుడ్డు."

"మొన్న మెరుగ్గానే ఉందనిపించింది..."

"నీకు జలుబు చేసిందా?" నోట్లో పోసుకోలేదు కూడా. "లారీకి. ఎనిమిది తే."

ఒదీల్ ఒక్క నిమిషం బల్ల పట్టుకుని నిలబడింది. మిగిలిన వైన్ కిందికి తీసుకెళ్లి మళ్లీ ఆ కమాను కింద నడుం వంచాలంటే ఆమె వల్ల కాలేదు. గ్లాసుని కిటికీ అరుగు మీద, పాల కూజా వెనక పెట్టేసి, చేతిలో ఏమీ లేకుండా మెట్లు దిగింది.

సాయంత్రానికి పదిహేనూ అయ్యాయి. తొమ్మిది ఇంటికి, ఆరు లారీకి. అన్సెల్మ్ తన వంకర అక్షరాలతో లారీ పీపాల అంకెలు కాగితం మీద రాసి, మడతపెట్టి, ఉప్పు డబ్బా కింద పెట్టాడు.

*

బుధవారం పొద్దున్న పాల కోసం చెయ్యి చాస్తే గ్లాసు తగిలింది. రాత్రంతా గాలికి ఉన్న వైన్. ఈపాటికి గోధుమ రంగుకి తిరిగి ఉంటుందనుకుని పారబోయడానికి తీసింది. రంగు మారలేదు. లేత గడ్డి రంగులోనే, నిన్నటికన్నా తేటగా ఉంది. అలవాటు కొద్దీ వాసన చూసింది.

అగ్గిపుల్ల పోయింది. గుడ్డూ లేదు. గోటితో గీరిన నిమ్మతొక్క, పచ్చి హేజెల్ కాయ పగలగొట్టినప్పటి పాల వాసన, ఎండలో కాగిన రాతి మీద నాలుగు చినుకులు పడితే లేచే వాసన. ఒదీల్ కుర్చీలో కూలబడింది. ఒక గుక్క తాగింది. వెన్న లేదు, రొట్టె లేదు. పులుపు నాలుక మీద సన్నగా తీగలా సాగి, మింగాక కూడా చాలాసేపు తెగలేదు. నోరూరింది. పొద్దున్నే, కాఫీ కూడా పడని కడుపుతో, ఆకలేసింది.

ఇది నేను చేశాను, అనుకుంది. వెంటనే సిగ్గేసింది. ఏం చేసింది గనక? చేయాల్సింది మానేసింది, అంతే.

కానీ పదకొండేళ్లుగా ఆ ఇంట్లో చేసిందంతా నాన్న చెప్పినట్టే చేసింది. ఆయన కర్ర, ఆయన శుక్రవారాలు, ఆయన గీతలు. ఈ ఒక్క పీపాలో ఆయన చెయ్యి లేదు. రేపు లారీ వస్తే ఇది పోతుంది.

తొమ్మిదింటికి మారినెట్ వచ్చింది. పక్క తోట ఆవిడ. ఇద్దరూ కలిసి తీగలు కత్తిరిస్తారు. గుడ్డలో చుట్టి వేడివేడి జున్ను బూరెలు తెచ్చింది.

"ఏమే, మొహం అలా వేలాడేశావు? మీ నాన్న మళ్లీ పదిహేనుసార్లు పరిగెత్తించాడా?"

"అది సరే గానీ, ఇది వాసన చూడు." ఒదీల్ అప్పుడే కిందనుంచి తెచ్చిన ఏడో పీపా వైన్ ముందు ఇచ్చింది.

మారినెట్ ముక్కు మూసుకుంది. "అబ్బో! మా ఆయన వేట నుంచొచ్చి మేజోళ్లు విప్పినట్టుంది. ఎవరిని చంపుదామని?"

"ఇప్పుడిది." రాత్రి గ్లాసులో మిగిలిన గుక్క.

మారినెట్ తాగింది. నవ్వుతూ ఏదో అనబోయి ఆగింది. ఒక బూరె విరిచి నోట్లో పెట్టుకుని, మళ్లీ తాగింది. "ఇది జున్నుని కడిగేసి, ఇంకోటి తినమంటోందే. ఎవరిది?"

"అదీ ఇదీ ఒకటే."

"పోవే!"

"నిజం. గాలి తగిలి ఒక రాత్రి గడిచింది, అంతే తేడా."

మారినెట్ రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూసింది. "మీ నాన్నతో చెప్పు."

"చెబితే ఎందుకిలా అయిందని అడుగుతాడు."

"ఎందుకైంది?"

ఒదీల్ బూరె అంచు గిల్లుతూ కూర్చుంది. మారినెట్ ఇంక అడగలేదు. మూడో బూరె ఒదీల్ వైపు తోసి, కత్తెర జేబులో పెట్టుకుని లేచింది. "ఇవాళ నీ వరసలు నేను కత్తిరిస్తాలే. నువ్వు ఇంట్లో ఉండి ముందు ఆ ముసలాయన సంగతి చూడు."

ఒదీల్ ఏడో పీపాలోంచి ఒక కూజాడు తెచ్చింది. పాలు చల్లార్చినట్టు రెండు కూజాల మధ్య పదిసార్లు ఎత్తి పోసింది. భుజం ఏడ్చింది. కూజాని మధ్యాహ్నందాకా బల్ల మీద మూత లేకుండా వదిలేసింది. కోడిని క్రీములో ఉడకబెట్టి, ఎండు పుట్టగొడుగులు నానేసి అందులో కలిపింది.

పని చేస్తున్నంతసేపూ ఆమెకి ఆ పాత సీసాలే గుర్తొచ్చాయి. పెద్దనాన్న కూతురి పెళ్లికని నాన్న తన చేతుల్తో అడుగు అరలో ఇసుక మీద పడుకోబెట్టిన అరవై సీసాలు. ఎనిమిదేళ్లకి తీస్తే, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క రంగులో ఉన్నాయి, వాసనా అలాగే ఉంది. ఆ పెళ్లిలో బీరు తాగారు. నాన్న బిరడాలది తప్పన్నాడు, బిరడాలు అమ్మేవాణ్ణి మార్చాడు. కర్ర పెట్టి కలిపినప్పుడల్లా వైన్‌లోకి గాలి వెళుతుంది, దానికి వయసు తొందరగా మీద పడుతుంది, అని ఒదీల్‌కి అప్పుడే అనుమానం వచ్చింది. పైకి అనలేదు. ఇప్పుడు ఏడో పీపా కర్ర ఎరగదు. ఇది పదిహేనేళ్లు నిలుస్తుందేమో. నిలవకపోవచ్చు కూడా. ఎవరు చెప్పగలరు?

భోజనం దగ్గర అన్సెల్మ్ గ్లాసులో పోసి, ఏమీ అనకుండా కూర్చుంది.

ఆయన తాగి, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చాడు. "ఎవరిది? మారినెట్ తెచ్చిందా?"

"నువ్వు చెప్పు."

"మనది కాదు. ఎముకలు తప్ప కండ లేదు." కోడి ముక్క తిన్నాడు. మళ్లీ తాగాడు. "కోడితో పరవాలేదు. క్రీము బరువు దింపుతోంది." మూడోసారి తాగాడు. "కానీ చాలా కరుకుగా ఉంది. పొద్దున్నే లేపి బావిలో నీళ్లు మొహాన కొట్టినట్టు. ఎవరిదమ్మాయ్?"

"మనదే. ఏడో పీపా."

అన్సెల్మ్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏడోది నిన్న కుళ్లిపోయింది."

"గాలి తగిలింది. వాసన పోయింది."

"గాలి తగిలితే పోయేదైతే ఎప్పుడో పోవాలి. ప్రతి శుక్రవారం కర్ర పెట్టి కలుపుతుంటే దానికి గాలి తగలదా?"

అరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషి. ఒక్క ప్రశ్నలో సూటిగా అక్కడికే వచ్చాడు. ఒదీల్ పళ్లెంలోకి చూసింది. క్రీము చల్లారి పైన పొర కడుతోంది.

"కలపలేదు," అంది.

"ఎన్ని వారాలు?"

"అసలు కలపలేదు. నవంబర్నుంచి."

"గీతలు?"

"గీశాను."

అన్సెల్మ్ పళ్లెం పక్కకి జరిపి ఆమె వంక చూశాడు. కోపంగా లేడు. అదే ఆమెకి కష్టంగా అనిపించింది.

"మా అమ్మ బతికుంటే సంబరపడేది," అన్నాడు. "ఆడమనిషి దిగితే ఏదో ఒకటి చెడుతుందనేది. వైన్ చెడుతుందనుకుంది పాపం, మాట చెడుతుందని ఆవిడకీ తోచలేదు."

ఆ మాట ఒదీల్‌కి కత్తిలా తగిలింది. పదకొండేళ్లలో ఎన్ని మెట్లో అనబోయి, ఆ లెక్క వేయడానికే నీరసం వచ్చి ఊరుకుంది.

"రేపు లారీ వస్తుంది," అన్నాడాయన. "ఏడు పోతుంది." ఊతకర్ర పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. గ్లాసు మాత్రం ఖాళీ చేసి వెళ్లాడు.

*

గురువారం పదింటికి గయెతాన్ ట్యాంకర్ లారీ వాకిట్లో ఆపాడు. ముప్పై ఏళ్లుగా ఈ వాకిట్లోకి వస్తున్నవాడే. పెద్ద పొట్ట, పెద్ద గొంతు. అన్సెల్మ్ కిటికీ కొద్దిగా తెరిచి, మడత కాగితం అతని చేతిలో పెట్టాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా పోలేదా నువ్వు?"

"నీ వైన్ తాగలేదుగా, అందుకే ఉన్నా."

గయెతాన్ పకపకా నవ్వి, గాలి కన్నంలోంచి గొట్టం కిందికి వదిలి, మెట్లు దిగాడు. ఒదీల్ అప్పటికే కింద ఉంది. రెండో పీపా తోడారు, నాలుగోది తోడారు. మోటారు చప్పుడికి పైకప్పు బూజు రాలుతోంది. గయెతాన్ కాగితం దీపం దగ్గరికి పట్టుకున్నాడు.

"తర్వాత ఏడు. చివరిదేగా అక్కా అది? నా పొట్ట పడుతుందా ఆ కమాను కింద?"

ఒదీల్ కమాను ముందు నిలబడింది. "ఏడు తియ్యకు."

"కాగితంలో ఉందే."

"ఉండనీ. నేను చెప్తున్నా కదా."

గయెతాన్ మోటారు ఆపాడు. ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయింది. "చూడక్కా, ఈ ఇంట్లో నేను తోడిందంతా పెద్దాయన కాగితం మీదే. ఇవాళ నీ మాట విని వదిలేస్తే ఆయన నా చెవులు కోస్తాడు."

"దిగి వచ్చి కోయమను."

"అది కాదు. రేపు మాట తేడా వస్తే మా ఆఫీసులో నన్నంటారు. ఎవరి మాట వినాలో మీరిద్దరూ తేల్చుకోండి. అంతదాకా సిగరెట్ కాల్చుకుంటా."

"నువ్వే వెళ్లి అడుగు. నాకు ఆ మెట్లెక్కే ఓపిక లేదు." నిజంగానే లేదు. పైకెళ్లి ఆయన మొహం చూస్తే ఒప్పుకుంటానేమోనని భయం కూడా ఉంది. పీపాల మధ్య చెక్క పెట్టె మీద కూర్చుంది.

గాలి కన్నంలోంచి వాకిట్లో మాటలు వినిపిస్తున్నాయి. గయెతాన్ కిటికీ తట్టాడు.

"పెద్దాయనా, ఏడోది తియ్యొద్దంటోంది మీ అమ్మాయి."

కిటికీ రెక్క కిర్రుమంది.

"అడ్డంగా నిలబడింది. నేనేం చెయ్యను? తోసెయ్యనా?"

"తోసి చూడు, తెలుస్తుంది," అన్నాడు అన్సెల్మ్.

"మరి?"

పక్కనే ఏడో పీపా చల్లగా, నల్లగా, ఏమీ పట్టనట్టు పడుకుని ఉంది. దీనికోసం ఎనభై మూడేళ్ల మనిషిని బయటివాళ్ల ముందు చిన్నబుచ్చుతున్నానే అనిపించింది ఒదీల్‌కి. లేచి, పోనీ తీసుకుపో అని అరుద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది. నిన్నటి గుక్క నాలుక మీద ఇంకా ఉన్నట్టే ఉంది. కూర్చునే ఉంది.

"రోజూ ఆ మెట్లు దిగేదెవరు?" అన్నాడు అన్సెల్మ్.

"ఆవిడే."

"మరి నన్నెందుకడుగుతావ్? కిటికీ వెయ్యి. చలి."

గయెతాన్ దిగి వచ్చి, కాగితంలో ఏడు మీద పెన్నుతో కొట్టేసి, గొట్టాన్ని పదో పీపాకి తగిలించాడు. చివర్లో వెళ్లేటప్పుడు, "అంత గొప్పగా ఉందా అక్కా?" అని అడిగాడు.

"తెలీదు," అంది ఒదీల్.

*

పైకి వెళ్లేసరికి అన్సెల్మ్ ఎప్పటి కుర్చీలో ఉన్నాడు. నిన్నటి కోడి వెచ్చబెట్టి పెట్టింది. ఇద్దరూ తిన్నారు. వైన్ పోయలేదు, ఆయనా అడగలేదు.

"భుజం ఎప్పట్నుంచి?" అన్నాడు, రొట్టెతో పళ్లెం తుడుచుకుంటూ.

"నవంబర్."

"చెప్పలేదేం?"

"నువ్వు గీతల గురించే అడిగావు."

ఆయన రొట్టె నమిలాడు. చాలా నెమ్మదిగా నమిలాడు.

"అబద్ధం చెప్పడం తప్పు నాన్నా. అది నాకు తెలుసు," అంది ఒదీల్. "కానీ అది బాగుందా? నిజం చెప్పు. నువ్వు మూడుసార్లు తాగావు."

"నాకు నచ్చలేదు. నాకు వెన్న కావాలి, అలవాటు. అది వేరే సంగతి." చేతులు తుడుచుకున్నాడు. "బాగుందో లేదో పదిహేనేళ్ల తర్వాత తెలుస్తుంది. అప్పటికి నేనుండను. ఉన్నా నన్నడగొద్దు. నువ్వే తాగి చూసుకో."

"మిగతా తొమ్మిదీ ఒకదాన్లో ఒకటి ఎలా కలపాలి? ఏది ఎంత? ఈ నెలాఖరులోపు తేల్చాలి కదా. రేపు గ్లాసులు తెస్తా, నువ్వు..."

"తేకు."

"కోపంతో అంటున్నావు."

"కోపం నిన్న ఉంది. ఇవాళ అంత ఓపిక లేదు." కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వీపు కాకుండా మొహం కిటికీ వైపు పెట్టి ఆయన కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వాలులో మారినెట్ కత్తిరించిన తీగలు తగలబెడుతోంది, పొగ నిటారుగా లేస్తోంది. "పదిహేను గ్లాసులు చూసేసరికి నాకూ నాలుక మొద్దుబారుతోంది. మూడేళ్లయింది. చివరి అయిదూ నేను అంచనా మీదే చెప్తున్నాను. నీకొక్కదానికే అబద్ధాలొచ్చనుకున్నావా?"

చివరి అయిదు పీపాలు. మూడేళ్లు. ఆ మెట్లన్నీ. నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ రాలేదు. ఒదీల్ గిన్నెలు తీసి తొట్టిలో వేసింది.

"మరి కర్ర?" అంది కాసేపటికి. "మిగతావాటిని ఇంకా కలపాలా?"

"నన్నడక్కన్నాను కదా."

గిన్నెలు కడిగాక దీపం తీసుకుని కిందికి దిగింది. ఒకటో పీపా మూత తీసి, గాజు గొట్టం ముంచి, గ్లాసులో రెండు వేళ్లెత్తు తీసింది. అలవాటుగా మెట్ల వైపు తిరిగి, ఒక కాలు పైన పెట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది, పైన దీనికోసం ఎవరూ కూర్చుని లేరు. కాలు దించి అక్కడే నిలబడి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. వెన్న. రొట్టె. ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటో అందలేదు. మళ్లీ చూసింది. పొద్దున్నుంచి మోటారు పొగ, సిగరెట్ పొగ, బూజు పీల్చిన ముక్కు ఇంక ఏమీ చెప్పనంది.

నాన్న అయితే ఇప్పుడు ఒక్క మాట అనేవాడు. తప్పో ఒప్పో ఒక మాట, దాని మీద ఏడాది గడిచిపోయేది.

ఒదీల్ వైన్ పీపాలోనే పోసి, మూత బిగించింది. రేపు పొద్దున చూద్దాం అనుకుంది. రేపు ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ సంగతి తలుచుకునేసరికి ఉన్న అలసట ఇంకాస్త బరువెక్కింది.